దారం కొరికే పళ్ళు

ఆ వీధిలో జాకెట్టు కుదరాలంటే టైలరమ్మ కుట్టాల్సిందే. ఆవిడ నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఒక మూల గుండుసూదులు, ఒక మూల దారం, మిగిలిన జాగాలో ఎవరో ఒకరి మీద చాడీ. కత్తెర వెతుక్కునేవాళ్ళకు పని రాదని ఆవిడ లెక్క. అలా పళ్ళతోనే దారాలు తెంపీ తెంపీ, నిద్రలో పటపటా నూరీ నూరీ, యాభై దాటేసరికి పై పళ్ళు సగానికి అరిగాయి. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం జివ్వున లాగేది.

కూతురి ఈడున్న పళ్ళ డాక్టరమ్మ అద్దం పెట్టి చూపించింది. "ఇంకాస్త అరిగితే నరం బయటపడుతుందమ్మా. అప్పుడిక పీకడమే."

పీకడం అనగానే టైలరమ్మకు కన్నతల్లి గుర్తొచ్చింది. పళ్ళు పోయాక ఆ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. పోనుపోను నవ్వడమే మానేసింది.

డాక్టరమ్మ అరిగిన పళ్ళ మీద తెల్లని ముద్ద పెట్టి, పన్నులా దిద్ది, నీలం దీపంతో గట్టిపరిచింది. "ఇవి తాత్కాలికం. ఈ కొత్త ఎత్తుకు మీ దవడ అలవాటుపడి, ఇవి పగలకుండా నిలిస్తే గట్టి తొడుగులు వేద్దాం. దారం మాత్రం కొరక్కండి."

నిలవకపోతే ఏమిటని అడగడానికి ఆవిడకు ధైర్యం చాల్లేదు.

ఆ రోజు నుంచీ కత్తెర మెళ్ళోనే వేలాడింది. చాడీలు కూడా బందయ్యాయి. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు, ఆవిడకు ఎవరిమీదో కోపమొచ్చిందనుకున్నారు. నోరు తెరిస్తే ఏం రాలిపడుతుందోనని ఆవిడ భయం ఆవిడది. ఒక మధ్యాహ్నం అంచు కుడుతుంటే నాలుకకు ఏదో గరుగ్గా తగిలింది. కుట్టడం ఆపి, ముద్ద విరిగిందేమోనని వేలితో తడుముకుంది.

పక్కన కూర్చుని గుండీలు కుడుతున్న ఆడపడుచు తలెత్తింది. "కొరికావు కదూ వదినా?"

"నీ మీద ఒట్టే, కొరకలేదు!"

"అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం."

"నీ నోరు పడిపోను! ఇక్కడ నా ప్రాణం పోతుంటే నీకు వేళాకోళమా?"

ఇద్దరూ ఉన్నపళాన దవాఖానాకు పరుగెత్తారు. లోపలి గదిలో ఏ గిన్నె చప్పుడైనా టైలరమ్మకు పటకారు చప్పుడులాగే వినిపించింది. కుర్చీలో కూర్చోబెట్టాక డాక్టరమ్మ నోట్లోకి తొంగిచూసి అడిగింది. "నిజం చెప్పండి, దారం కొరికారా?"

"ఇదిగో కత్తెర, మెళ్ళోనే ఉంది!"

"కొరకడం నేనూ చూడలేదు లెండి," అంది ఆడపడుచు, ఒప్పుకోవడం ఇష్టంలేనట్టు.

డాక్టరమ్మ చూపు టైలరమ్మ ఒళ్ళో ఉన్న సంచి మీద పడింది. "ఆ సంచిలో కుట్టుపని ఉందా? ఇక్కడే కాస్త కుట్టండి."

టైలరమ్మ జాకెట్టు తీసి అంచు మడిచింది. నాలుగు కుట్లు పడేలోపే డాక్టరమ్మ ఆవిడ చెంప మీద రెండు వేళ్ళు ఆనించింది. దవడ రాయిలా ఉంది.

"పళ్ళెందుకు బిగించారమ్మా?"

"కాపలా! వదిలేస్తే దారం అందుకోవూ?"

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "దొంగ వస్తాడని తలుపు అదిమీ అదిమీ, ఆ తలుపునే విరగ్గొట్టారు. పెదవులు కలవొచ్చు, పళ్ళు కలవకూడదు. నమిలేటప్పుడు తప్ప."

"అయితే... పీకరా?"

"పగిలింది ముద్ద, మీ పన్ను కాదు. ఇలాంటివి ముందే బయటపడాలనే తాత్కాలికం పెట్టింది."

విరిగినచోట మళ్ళీ ముద్ద పెట్టి దిద్ది, నిద్రలో నూరినా పళ్ళు అరగకుండా, రాత్రి పెట్టుకుని పొద్దున తీసేసే ఒక ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇచ్చింది. ఇంటి దగ్గర కాపలా ఆడపడుచుకు దక్కింది. వదిన చెంప బిగిస్తే చాలు, "వదినా, తలుపు!" అని వీధంతా వినపడేలా అరిచేది. మొత్తానికి ముద్ద నిలిచింది. గట్టి తొడుగులూ పడ్డాయి.

భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ నిద్ర లేవగానే, కోళ్ళగూడు తీసి కోళ్ళన్నీ ఉన్నాయో లేవో చూసుకున్నట్టు, నాలుకతో పళ్ళన్నీ తడుముకుంటుంది. అన్నీ ఉన్నాయని తేలాకే ఆ వీధిలో ఎవరో ఒకరి జాతకం విప్పడం మొదలవుతుంది.