లేని ఆస్తమాకు ఐదు నిమిషాలు

2023లో పాతబస్తీలోని ఒక మెడికల్ కాలేజీలో అటెండర్‌గా ఉన్నాను. పరీక్షకు భయపడి ఏడో తరగతిలోనే బడి మానేసిన నన్ను, డాక్టర్ల పరీక్షలో కూర్చోబెట్టారు. రాయడానికి కాదు, రోగిగా.

అంతకుముందు వార్డులోని అసలు రోగులనే పెట్టేవారు. నాలుగు పరీక్షలు చూసిన రోగి, విద్యార్థి చెవిలో జబ్బు పేరు ఊదేసేవాడు. అందుకని నటించే రోగి కావాలన్నారు, పరీక్షలు జరిపించే ప్రొఫెసర్ సుజాత మేడమ్. అబద్ధాలాడటంలో నాకు కాలేజీ అంతా పేరుంది.

ఈ పద్ధతిని ఆస్కీ అంటారు. గదికో స్టేషన్, స్టేషన్‌కు ఐదు నిమిషాలు. గంట మోగితే పక్క గదికి పోవాలి. విద్యార్థి చెప్పిన ఒక్కో మాటకూ పరీక్షకులు చెక్‌లిస్ట్‌లో టిక్కు పెడతారు. ఆ కాగితం మేడమ్ తయారుచేసిందే. నా స్టేషన్‌లో ఆస్తమా రోగికి ఇన్‌హేలర్ వాడటం నేర్పాలి.

పొద్దున్నుంచి వచ్చినవాళ్లంతా గడగడా అప్పజెప్పారు. నేను తలూపాను. టిక్కులు పడ్డాయి. నాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు.

తర్వాత శ్రావణి వచ్చింది. ఇందులో పోతే ఫైనల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

"అన్నా, రోజు ఇన్‌హేలర్ ఎట్ల కొట్టుకుంటవో చూపియ్యి."

మందులేని డబ్బా ఎత్తి, అత్తరు చల్లుకున్నట్టు నోట్లోకి చల్లుకున్నాను.

"గిట్లయితే మందంతా నాలుకకే పోతది. ముందుగాల ఊపిరి వదులు. డబ్బా మూతి చుట్టు పెదాలు బిగించి, పీలుస్తనే నొక్కు. పది లెక్కపెట్టేదాంక ఊపిరి ఆపు."

"నాకు లెక్కలు రావు డాక్టరమ్మా."

"వేళ్లున్నయ్ గదా! మళ్ల చెయ్యి."

మూడోసారికి కుదిరింది. గంట మోగింది. చెక్‌లిస్ట్‌లో సగం గడులు ఖాళీ. ఫెయిల్.

సాయంత్రం గదులు సర్దుతుంటే మేడమ్ నవ్వుతూ అడిగారు, "ఏం యాదగిరీ, ఇంతమంది చెప్పిన్రు, నేర్చుకున్నవా?"

వేళ్లు మడుస్తూ తప్పులేకుండా చేసి చూపించాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎవరు నేర్పిన్రు?"

"మీరు ఫెయిల్ చేసిన పిల్ల."

"మరి మిగతావాళ్లు?"

"మస్తు చెప్పిన్రు మేడమ్. మీ కాగితానికి చెప్పిన్రు, నాకు గాదు."

మేడమ్ శ్రావణి చెక్‌లిస్ట్ తీసి చూశారు. మార్కులు మాత్రం దిద్దలేదు. "మందు పీల్చినంక నోరు పుక్కిలించాలని ఆమె చెప్పలే. అది తప్పే," అన్నారు. కానీ వారం తర్వాత పెట్టిన రీటెస్ట్‌కు చెక్‌లిస్టే మార్చేశారు. సగం మార్కులు ఒక్క గడికే: రోగి తానే సరిగ్గా చేసి చూపాలి.

శ్రావణి వస్తూనే అంది, "అన్నా, ముందే చెప్తున్న, అయిపోయినంక నోరు పుక్కిలియ్యాలె!"

నేను మళ్లీ అత్తరు చల్లుకున్నాను. ఆమె మళ్లీ మొదటినుంచీ నేర్పింది. గంటకు ముందే నా పదో వేలు మడిచాను. పాసయింది.

ఎదుటివాడు తలూపితే అర్థమైనట్టు కాదని ఆ రోజు తెలిసింది. ఈ సంగతి ఇంట్లో చెప్పడమే నా పొరపాటు. మా ఆవిడ ఏ పని చెప్పినా నేను తలూపితే ఇప్పుడు వదలడం లేదు.

"తలూపుడు గాదు, చేసి చూపియ్యి."