కాగే ఇంజిను ముందు మా మేనత్త

మా మేనత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను కదిరి బజారులో మామిడికాయలు ఏరుకుంటున్నాను. "అక్క పోయిందమ్మా. పొద్దున కాఫీ తాగి, ఎండ ఎక్కకముందే బండి కడగాలని చెప్పి, అట్ల మంచం మీద ఒరిగినాది. మళ్ళీ లేయలేదు" అన్నాడు. ఆయన గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. ఆమెకు ఎనభై దగ్గరపడుతున్నా, ఆమె కూడా పోతుందని మేమెవరం అనుకోలేదు.

పామిడిలో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. బట్టల అంగడి నడిపిన మా మామ ఇల్లాలిగా కాదు, తెల్ల అంబాసిడర్ నడిపే ఆమెగా. ఆ కారు మా మామ కొన్నది. బళ్ళారికీ అనంతపురానికీ సరుకు కోసం దాంట్లోనే తిరిగేవాడు. మామ పోయాక చుట్టాలందరూ కారు అమ్మేయమన్నారు. ఈమె మాత్రం తమ్ముడిని, అంటే మా నాయనను, పక్కన కూర్చోబెట్టుకుని, వేరుశనగ పీకేసిన చేనులో స్టీరింగు పట్టడం నేర్చుకుంది. అప్పటికే ఆమెకు యాభై నిండాయి. మొదటి వారంలోనే కారును తీసుకెళ్ళి గట్టున పేర్చిన కట్టెవామిలో గుచ్చింది. దిగి, తనకేమైనా దెబ్బ తగిలిందా అని కూడా చూసుకోకుండా, బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టి, "జ్వరమొచ్చినట్ల కాలుతాండాది రా దీనికి" అందట. ఆ రోజు మొదలుకొని ఆ జ్వరం రాకుండా చూడటమే ఆమె పని.

మా వైపు ఎండలు మీకు తెలిసినవే. ఆ ఎండల్లో పాత కారు నడపడమంటే పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి పోయినట్టే. మా మేనత్త పక్కింటికి పోయే మనిషి కాదు. పొద్దున్నే ఇంజిను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, వేలు ముంచి నీళ్ళు చూసేది. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి బిగువు చూసేది. రేడియేటర్ సందుల్లో ఇరుక్కున్న పురుగుల్నీ వేరుశనగ పొట్టునీ మెత్తటి బ్రష్షుతో, పసిబిడ్డ తల దువ్వినంత నెమ్మదిగా తీసేది. ఎండలో ఇంజిను పక్కనుండే పెట్రోలు పంపు వేడెక్కి మొరాయించకుండా దానికి తడి గుడ్డ చుట్టేది. ఎక్కడ ఆపినా ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, కారు ముఖం అటు తిప్పేది. పెళ్ళిళ్ళకు పోయినా, చావులకు పోయినా ఇదే వరస. "మీరు పోయి పలకరిస్తాండండి, నేను దీనికి గాలి చూపించి వస్తా" అనేది.

నా పెళ్ళి తనకల్లులో, పెళ్ళికొడుకు ఇంట్లో. చుట్టాలందరూ తెల్లవారుజామునే బస్సులో పోయారు. పెళ్ళికూతురిని మాత్రం తన కారులోనే తీసుకుపోతానని మా మేనత్త పట్టుబట్టింది. ముందు ఆమె, ఆమె పక్కన నాయన, వెనక పట్టుచీరలో నేను. కదిరి వరకూ రెండుసార్లు ఆగి నీళ్ళు పోసుకుంటూ హాయిగా వచ్చాం. ఊరు దాటి కొంత దూరం పోయాక వేడి చూపించే ముల్లు పైకి లేచింది. ఆమె వెంటనే కారు పక్కకు తీసి ఆపింది. ముందు నుంచి బుస్సుమని ఆవిరి.

రేడియేటర్ కింది రబ్బరు గొట్టం చీలింది. డిక్కీలో ఎప్పుడూ ఉండే సైకిల్ ట్యూబు ముక్కతో చీలిక మీద గట్టిగా చుట్టి కట్టింది. కారడం ఆగింది గానీ పోయడానికి నీళ్ళు లేవు. తెచ్చిన క్యాన్లు రెండూ అంతకుముందే దారిలో పోసేశాం.

రోడ్డు పక్క ఇంట్లోంచి ఒకామె బిందె ఎత్తుకుని గబగబా వచ్చింది. మా మేనత్త ఆ బిందెలోంచి ఒక లోటా ముంచి నాకిచ్చి, తనూ రెండు గుక్కలు తాగి, "ఈ నీళ్ళు యాడివమ్మా?" అని అడిగింది.

"ట్యాంకరువి. మొన్న వచ్చినాది. మళ్ళీ ఎప్పుడొస్తాదో ఏమో."

"అయితే బిందె లోపల పెట్టుకోపో తల్లీ. తాగే నీళ్ళు బండికి పోయను."

"పెండ్లికూతురు రోడ్డు మీద కూర్చోనుంటే మాకు బాగుంటాదా?" అని ఆమె కోప్పడింది.

"పెండ్లికూతురు రొంతసేపు కూర్చుంటే కరిగిపోదు" అని మా మేనత్త బిందెను స్వయంగా మోసుకెళ్ళి వాళ్ళ గడప లోపల పెట్టి వచ్చింది. నేను మాత్రం తనకల్లు వైపు రోడ్డునే చూస్తున్నాను. ముహూర్తం దాటిపోతే అవతలివాళ్ళు ఏమంటారో! నాయన తనకల్లుకు ఫోన్ చేసి, ఎక్కడ ఆగిపోయామో చెప్పి, "నీళ్ళు... నీళ్ళు" అన్నాడు.

కాసేపటికి దూరంగా మోటారు సైకిల్ కనబడింది. దగ్గరికొచ్చాక నేను లేచి నిలబడ్డాను. నుదుటన బాసికం, ఒంటి మీద పసుపు బట్టలు, బండికి రెండు వైపులా వేలాడుతూ నీళ్ళ క్యాన్లు. పెళ్ళికొడుకే! పందిట్లోంచి లేచి రాకూడదని అందరూ అరుస్తున్నా వినకుండా వచ్చేశాడట.

మా మేనత్త నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఏమప్పా, నీళ్ళయితే తెచ్చినావు. ఇప్పుడే పోసేయమంటావా?"

"మీరు ఎప్పుడంటే అప్పుడే, పెద్దమ్మా" అన్నాడతను.

ఆమె ముఖం విప్పారింది. నాయన వైపు తిరిగి, "పిలగాడు మంచోడు రా!" అని గట్టిగా అంది. నాయన గడియారం చూసుకుంటూ గొణిగాడు. "అక్కా, ముహూర్తం..."

"కాగిన ఇంజిన్లో చన్నీళ్ళు పోస్తే పగులుతాది. మూత ఇప్పుడే తీస్తే నా మొహం ఉడుకుతాది. నీ కూతురు ఆలస్యంగా పోతే ఏం పగులుతాది, చెప్పు?"

నాయన గడియారం మీదికి చొక్కా చేయి లాక్కున్నాడు. నన్నూ పెళ్ళికొడుకునీ తుమ్మచెట్టు నీడకు పంపించి, ఆమె బానెట్ ఎత్తి ఇంజినుకు కాపలా నిలబడింది. పెళ్ళిచూపుల్లో పదిమంది మధ్య తల వంచుకుని కూర్చోవడమే తప్ప మేమిద్దరం అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. అతను చాలాసేపు ఆలోచించి, "ఎండగా ఉండాది కదా" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. ఆ తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరికి కోపం ఎక్కువో, పందిట్లో ఇప్పుడు ఎవరెవరు తిట్టుకుంటూ ఉంటారో. ముహూర్తం సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను.

"ఇంక రాండి, చల్లబడినాది!" అని ఆమె కేక వేసినప్పుడు, నిజం చెబుతున్నాను, అప్పుడేనా అనిపించింది. ఆమె గుడ్డ కప్పి మూతను కొంచెం కొంచెంగా తిప్పి తీసింది. కాసిని నీళ్ళు పోసి, ఇంజిను నడిపిస్తూ మిగతావి సన్నటి ధారగా పోసింది. ముందు మోటారు సైకిల్ మీద పెళ్ళికొడుకు, వెనక మేము. పురోహితుడు ఇంకా కాస్త గడువుందని చెబుతుండగానే పందిట్లో అడుగుపెట్టాం. మా అత్తగారు తిట్టడానికే ఎదురొచ్చింది. కానీ మా మేనత్త చెంప మీద అరచేయంత మసి చూసి, నోటిదాకా వచ్చిన తిట్టు నవ్వుగా మారిపోయి, తన కొంగుతోనే తుడిచింది. తాళి కట్టేటప్పుడు అందరూ అక్షింతలు వేశారు. మా మేనత్త మాత్రం బయట కారును గాలివాటుకు తిప్పి, పరుగున వచ్చి, చివరి అక్షింతలు వేసింది.

మర్నాడు తిరిగి పోయేటప్పుడు క్యాన్ల నిండా నీళ్ళు, పళ్ళెం నిండా లడ్లు తీసుకుని ఆ రోడ్డు పక్క ఇంటి ముందు ఆగిందట. నీళ్ళు బిందెలో పోసి, లడ్లు ఆ ఇంటామె ఒడిలో పెట్టి, "పెండ్లి బాగా జరిగినాది, చెప్పిపోదామని వచ్చినా" అందట. అప్పటినుంచి మా ఇంటికి వచ్చినప్పుడల్లా దారిలో అక్కడ ఆగి, మజ్జిగ తాగి వచ్చేది.

నాకూ మా ఆయనకూ ఎప్పుడైనా మాటా మాటా పెరిగితే, ఆమెకు ఎట్లా తెలిసేదో గానీ ఫోన్ చేసేది. "కాగినప్పుడు మూత తీయొద్దు. రొంతసేపు నీడన కూర్చోండి" అని పెట్టేసేది. ఇద్దరం నవ్వేవాళ్ళం, గొడవ అక్కడికి చల్లారేది.

రెండేళ్ళుగా మోకాళ్ళు సహకరించక ఆమె క్లచ్ తొక్కలేకపోయింది. పామిడికి పోయినప్పుడల్లా నేను నడిపేదాన్ని. ఆమె పక్కన కూర్చుని, ముల్లు మీంచి చూపు తిప్పకుండా, "గేరు మార్చు పాపా, అది రొప్పుతాండాది" అని చెబుతుండేది. పోయిన వేసవిలో యాడికిలో చుట్టాలను చూసి వస్తూ, పెన్న వంతెన దగ్గర ఆపమంది. ఏటి మీంచి గాలి మొదలయ్యే పొద్దు అది. కారు ముఖం గాలికి తిప్పించింది. ఇంజిను రొంతసేపు నడవనిచ్చి ఆపమంది. దిగి, ఒక చేత్తో కారును పట్టుకుంటూ ముందుకు నడిచింది. బానెట్ తనే ఎత్తి నిలబెట్టింది.

"ఎక్కండి, ఇంక పోదాం!" అన్నాను కాసేపటికి, లోపలినుంచి.

"ఉండు పాపా! దీనికేనా గాలి, నాకొద్దా?" అని అటువైపు నుంచి నవ్వింది.

లేచిన బానెట్ వెనక ఆమె నాకు కనబడలేదు. కింద సన్నటి సందులోంచి పసుపుపచ్చని కొంగు మాత్రం గాలికి ఎగిరి, వాలి, మళ్ళీ ఎగురుతోంది. చల్లారుతున్న ఇంజిను టిక్కు టిక్కుమంటోంది.