నాకు మాత్రం బాటిల్ నీళ్లు

నేను ఎవరింటికి వెళ్లినా నా ముందు మూత తియ్యని బాటిల్ పెడతారు. పక్కన కూర్చున్నవాళ్లకేమో స్టీలు గ్లాసులో ఇంటి నీళ్లు. గడప దాటి వచ్చిన మనిషికి ముందు నీళ్లివ్వడం మన పద్ధతి కదా, నాకు మాత్రం దుకాణం నీళ్లు! పోయిన నెల మా అపార్ట్‌మెంట్లో వ్రతానికి పిలిస్తే వెళ్లాను. "మీకు బాటిల్ తెప్పించినం మేడం," అని గర్వంగా చెప్పారు. ఒళ్లు మండింది. నవ్వి తాగాను.

తప్పు వాళ్లది కాదులెండి. జనానికి రోగాలు రాకుండా చూసే డాక్టర్ని నేను. ఉద్యోగం మెట్టుగూడ గల్లీల్లో మొదలైంది. కామెర్లు వచ్చాయంటే చాలు, ఇంటింటికీ వెళ్లి, వంటగదుల్లో దూరి, నీళ్లు పరీక్షించేదాన్ని. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్క వేస్తే పసుపు రంగు రావాలి, లేకపోతే అందులో క్లోరిన్ లేనట్టు. గొట్టం దగ్గర లేనప్పుడు ముక్కే దిక్కు. ఎవరు గ్లాసు ఇచ్చినా ముందు వాసన చూడటం అలా అలవాటైంది. ఆ గల్లీల్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. "మా డాక్టరమ్మ తిడ్తది గానీ మంచిది," అని చాయ్ పోసి పంపేవాళ్లు.

తర్వాత కుర్చీ పెద్దదైంది, గల్లీలు దూరమయ్యాయి. నా జీపు కనబడితే పానీపూరీ బండివాళ్లు కుండ మీద గుడ్డ కప్పేసేవాళ్లు. "ఆమె వస్తే మన నీళ్లకు వంకలు పెడ్తది," అని మా వదినే అన్నదట. రోగం నయం చేసిన డాక్టరింటికి మామిడిపళ్లు వస్తాయి. రాని రోగానికి నాకెవరు పంపాలి? పెళ్లి మాట వచ్చినప్పుడల్లా రేపు చూద్దాం అన్నాను, చూడనే లేదు. రిటైరయ్యాక మల్కాజ్‌గిరి ఫ్లాట్లో ఒక్కదాన్నే. ఒంటరితనం చాలా చెడ్డది, నేను చూసిన రోగాలన్నిటికన్నా చెడ్డది. కొన్ని రోజులు సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది.

మొన్న మోండా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని ఎండన పడి వచ్చేసరికి లిఫ్టు ఆగిపోయి ఉంది. రెండో అంతస్తు మెట్ల మీద కూలబడ్డాను. ఎదురు తలుపు తెరుచుకుంది. ఆ ఇంటామె బిల్డింగులో అందరినీ అక్కా, వదినా అని పిలుస్తుంది. నన్ను మాత్రం మేడం అంటుంది.

"అయ్యో, గిట్ల చెమటలు పట్టినయేందక్కా! లోపలికి రా, జెర ఫ్యాన్ కింద కూసో."

అక్కా అంది! కంగారులో అందేమో, అననీ. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, కుండలోంచి ముంచిన నీళ్లు స్టీలు గ్లాసులో తెచ్చి చేతికిచ్చింది.

"తాగక్కా, సల్లగుంటయ్."

ఆ గ్లాసు కోసం ఎన్నేళ్లుగా మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు. రెండు చేతులా అందుకున్నాను. పెదవుల దాకా వెళ్లిన గ్లాసు ముక్కు దగ్గర ఆగింది. గట్టిగా ఒకసారి వాసన పీల్చాను. క్లోరిన్ సన్నగా తగిలింది. నీళ్లు మంచివే.

తలెత్తేసరికి ఆమె నన్నే చూస్తోంది. మొహం చిన్నబోయింది.

"అయ్యో, మర్చేపోయిన," అంటూ నా చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసుకుంది.

"నీళ్లు మంచిగున్నయమ్మా. అవే ఇయ్యి, తాగుతా," అన్నాను. బతిమాలినట్టే అన్నాను.

"వద్దొద్దు, మీకు పడయి. కూసోండ్రి మేడం."

గ్లాసులో నీళ్లు సింకులో పారబోసి, కింద దుకాణానికి ఫోన్ చేసి, సీల్ ఉన్న బాటిలే పంపమని చెప్పింది. అది వచ్చేదాకా నేను ఫ్యాన్ కింద దాహంతో కూర్చున్నాను.