బీచుపల్లికి పోయిన బీచుపల్లి

గద్వాల నేతగాడు బీచుపల్లికి తన పేరుతో ఒక ఊరుందని ఊహ తెలిసిన నాటి నుంచీ తెలుసు. ఎడ్లబండిలో ఒక్క పూట దారి. అయినా అక్కడికి చేరడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది మహానుభావుడికి.

పుట్టిన బిడ్డలంతా పోతుంటే తల్లి జములమ్మ కృష్ణ ఒడ్డునున్న బీచుపల్లి హనుమంతుడికి మొక్కుకుంది. వీడొక్కడు బతికితే నీ ఊరి పేరే పెడతాను, వీడి చేత్తో నేసిన పంచె నీకిచ్చాకే పుట్టువెంట్రుకలు తీయిస్తాను అని. వీడు బతికాడు, మగ్గమూ నేర్చాడు. కానీ నేసిన పంచెలన్నీ అమ్ముడుపోయి ఇంట్లో పొయ్యి వెలిగించడానికే సరిపోయాయి. మొక్కు కోసం నడినెత్తిన వదిలిన పిలక మాత్రం పెరుగుతూనే ఉంది.

మగ్గం గుంటలో కాళ్లాడిస్తూ అతను ఆ ఊరిని కలగనేవాడు. అక్కడ నది తన పేరు పలుకుతూ పారుతుందట. గడప గడపకూ తనలాంటి పిలకవాడొకడు కూర్చుని ఉంటాడట. దారం తెగితే తప్ప ఆ కల తెగేది కాదు.

పంతొమ్మిది వందల నలభై ఒకటి వేసవికి జములమ్మకు చూపు పూర్తిగా పోయింది. రోజూ కొడుకు పిలక తడిమి ఏడ్చేది.

"మొక్కు తీరకుండ నేను పోతే సామి నిన్ను అడుగుతడురా. జర బండి కట్టు."

ఈసారి పంచె పొయ్యికి పోలేదు. జాతరనాడు తల్లీకొడుకులు నది ఒడ్డున దిగారు. తల్లిని ఒక రాతి మీద కూర్చోబెట్టి బీచుపల్లి పంచె సమర్పించాడు, గుండు గీయించుకుని నీళ్లలో మునిగాడు. కల్లో చూసిన నదే అది. చెవుల్లో అదే హోరు. ఎంతసేపు మునిగాడో అతనికే తెలియదు.

ఎంతకీ కొడుకు అలికిడి వినపడలేదు జములమ్మకు. "బీచుపల్లీ! ఓ బీచుపల్లీ!" అని కేకేసింది.

ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. అందరివీ తడి గుండ్లే, అందరి పేరూ మొక్కుతో పెట్టిన బీచుపల్లే. ఆమె ఒక్కొక్క తలా తడిమింది. కొడుకు తలా తడిమి దాటేసింది. ఇన్నేళ్లూ ఆమెకు గుర్తు ఆ పిలకే కదా! బీచుపల్లికి దుఃఖం ముంచుకొచ్చింది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, అంతే.

ఆమె వేళ్లు అతని చూపుడువేలి మీద ఆగాయి. మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచును పోగు పోగూ మెలిపెట్టి కలిపీ కలిపీ పడిన గాడి అది.

"గీడే నావోడు!" అంది. ఆ గుండునే గుండెకు హత్తుకుంది.

ఒకడు నవ్వుతూ వెళ్లిపోయాడు. ఇంకొకడు కదల్లేదు. పెద్దమందడి రైతట, పుట్టి పడవలో ఏరు దాటి వచ్చాడట.

"మీ అమ్మ యాడుంది బిడ్డా?" అడిగింది జములమ్మ.

"పోయి ఎనిమిదేండ్లాయె. ఆమె మొక్కు నేనే తీర్చుకున్న. పేరు పెట్టి పిలిస్తే... ఉండలేక ఉరికొచ్చిన."

జములమ్మ రెండో చెయ్యి చాచి అతని గుండు కూడా నిమిరింది. తర్వాత కొంగున కట్టిన బెల్లంముక్క విప్పి, "బీచుపల్లీ, నోరు తెరువు" అంది.

ఇద్దరూ తెరిచారు.