ముహూర్తం చూసుకుని లేచిపోయినవాడు

లేచిపోయినవాళ్ళని మీరు చాలామందిని చూసి ఉంటారు. లేచిపోతూ పట్టుబడినవాళ్ళనీ చూసి ఉంటారు. పంతులుగారి చేత పంచాంగం చూపించుకుని, కొత్త పంచె కట్టుకుని, దివ్యమైన ఘడియలో లేచిపోబోయినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. నా సర్వనాశనాన్ని నేను ఎంత శాస్త్రోక్తంగా చేసుకున్నానో చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా సగం దాకానే నవ్వొస్తుంది.

అప్పట్లో నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాని. ఎన్ని సబ్బులు అరగదీసినా ఒంటికి పట్టిన ఘాటు వదిలేది కాదు. బస్సు ఎంత కిక్కిరిసినా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఒక రోజు ఆ సీట్లో ధైర్యంగా కూర్చుని చీరాల దాకా తుమ్ముతూనే ప్రయాణం చేసిన అమ్మాయి కృష్ణవేణి. మా పక్క ఊరి పిల్లే. చీరాలలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, అక్కడే గది తీసుకుని ఉండేది. తుమ్ములతో మొదలైన పరిచయం పెళ్ళి మాట దాకా వచ్చింది.

అడ్డమల్లా మా నాన్నలు. ఒక ఏడాది మా నాన్న ఏదో పత్తి విత్తనం బ్రహ్మాండమని పొగిడి వేణి వాళ్ళ నాన్న కోటయ్యగారి చేత కూడా వేయించాడు. ఒక్క గింజ మొలిస్తే ఒట్టు. మా చేలోనూ మొలవలేదనుకోండి. కానీ అదేం పెద్ద ఓదార్పు కాదు కదా! అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకాయన బస్సెక్కితే ఇంకొకాయన దిగి నడిచి వెళ్ళేవాడు.

వాళ్ళింట్లో సంబంధాలు చూడడం మొదలుపెట్టగానే వేణి నన్ను నిలదీసింది.

"ప్రసాద్, ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదు. రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టేద్దాం. తర్వాత వాళ్ళే దారికొస్తారు."

ఎంత చక్కటి మాట! ఆ రోజే తలూపి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అంతకు వారం ముందే నేను గడ్డం గీయించుకోవడానికి వెళ్ళి, అక్కడున్న పాత ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ చూసి ఉన్నాను. కొండ కొమ్ము మీద ఒక దొర, ఒక దొరసాని, వెనక ఎర్రగా ఉదయిస్తున్న సూర్యుడు. చుట్టాలు లేరు, బాజాలు లేవు, ఇద్దరి కాళ్ళకీ బూట్లు. అదే వాళ్ళ పెళ్ళట. నాకు మతిపోయింది.

"సంతకాలేంటి వేణీ, కరెంటు బిల్లు కట్టినట్టు! మనం కొండెక్కుదాం. సూర్యుడు పైకొస్తుంటే నీ మెళ్ళో తాళి కడతాను."

"కొండా? మన వైపు కొండంటే ముళ్ళకంపలు, కోతులు తప్ప ఏముంటాయి?"

"అద్దంకి దాటాక ఒకటుంది కదా, పైన చిన్న గుడి, గుడి వెనక పెద్ద బండ. తెల్లారేసరికి అక్కడ మనిద్దరమే."

వేణి చాలాసేపు నా మొహంలోకి చూసింది. "సరే. ఒక్కటే అడుగుతున్నా. ఎవరూ ఉండని రోజు చూడు."

ఎవరూ ఉండని రోజు చూడమంది. నేను వెళ్ళి మంచి రోజు చూశాను.

ఏం చెయ్యమంటారు? దొరల బొమ్మ తలకెక్కింది కానీ, తలలో పుట్టినప్పటి నుంచీ ఉన్న పంచాంగం దిగలేదు. గుంటూరులో నన్నెరుగని ఒక పంతులుగారి దగ్గరికి వెళ్ళి, స్నేహితుడి కోసమని బొంకి, సూర్యోదయానికి ముహూర్తం పెట్టమన్నాను. ఆయన వేళ్ళు మడిచి, కళ్ళు మూసి, తెరిచి, వెలిగిపోయాడు.

"ఉందండీ! ఫాల్గుణంలో ఒకే ఒక్కటి. దివ్యంగా ఉంది. ఇది దాటితే మూఢం వచ్చేస్తుంది, ఇంక నెలల తరబడి పెళ్ళి మాటెత్తడానికి లేదు. మీ స్నేహితుడు అదృష్టవంతుడు."

ఆ అదృష్టవంతుడు ఎగురుకుంటూ చీరాల వెళ్ళి ఖాజాకి చెప్పాడు. ఖాజా నాతో చదువుకున్నవాడు, ఆటో నడిపేవాడు. మమ్మల్ని కొండకి తీసుకెళ్ళడమూ సాక్షిగా నిలబడడమూ వాడి పనులు. విని తల కొట్టుకున్నాడు.

"ఒరేయ్, లేచిపోయేవాడికి ముహూర్తమెందుకురా?"

"పెళ్ళనేది ఒక్కసారే కదరా."

"నా ఆటో ఎప్పుడు నిండుద్దో నాకు తెలుసురా. మంగళవారం పో, పిట్ట కూడా ఉండదు."

"మంగళవారం పెళ్ళా! బుద్ధుందా నీకు?"

"నాకుందిరా. నీ సంగతే అనుమానంగా ఉంది."

ముందు రోజు సాయంత్రానికే చీరాల చేరి ఖాజా ఇంట్లో పడుకున్నాను. చీకటితో వేణిని ఎక్కించుకుని బయల్దేరాం. దారిలో లారీలూ జీపులూ చాలానే కనబడ్డాయి. మిరప కోతల కాలం కదా, కూలీలు పొలాలకి పోతున్నారని నేనే వివరించాను. కూలీల జీపుకి అరటి పిలకలు కట్టి ఉన్నాయేమిటని ఖాజా అడిగితే, "నువ్వు రోడ్డు చూసి నడపరా" అన్నాను.

మెట్ల దారిన పోదామంది వేణి. దొరలు మెట్లెక్కరు కదా! వెనక వైపు నుంచి గొర్రెలు దిగే జాడ పట్టుకుని ఎక్కించాను. ఆటోకి చోటు చూసి వస్తానని ఖాజా కిందే ఉండిపోయాడు. నా వేషం ఒక్కసారి ఊహించుకోండి. పైన పట్టంచు పంచె, కింద కాన్వాసు బూట్లు, జేబులో పసుపుకొమ్ము కట్టిన తాడు. రేగుకంప దొరికిన చోటల్లా నా పంచె పట్టుకుని "ఆగు బాబూ" అని బతిమాలింది. నేను వినలేదు.

సగం ఎక్కేసరికి సన్నాయి వినిపించింది.

"గుళ్ళో రికార్డు వేశారు," అన్నాను.

ఇంకో వైపు నుంచి ఇంకో సన్నాయి లేచింది. దాని మీద డోలు. ఆ తర్వాత మైకులో ఎవరో, "పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కాఫీలు తాగి త్వరగా రావాలి" అని పిలిచారు.

వేణి ఆగిపోయింది. "ప్రసాద్, నువ్వు ఏ రోజు చూశావు?"

"దివ్యమైన రోజే చూశాను..." అంటుండగానే నాకు వెలిగింది. అంత దివ్యమైన రోజుని ఆ పంతులుగారు నా ఒక్కడికే ఎందుకిస్తాడు?

పైకెక్కి చూద్దును కదా, తిరునాళ్ళ! ప్రతి చదును బండ మీదా ఒక పందిరి, ప్రతి పందిరి కిందా ఒక జంట. మూఢం ముంచుకొస్తోందని చుట్టుపక్కల పెళ్ళీడు పిల్లలందరినీ తెచ్చి ఆ కొండ మీద దింపినట్టున్నారు. నేను ఏరుకున్న పెద్ద బండ మీద వంటవాళ్ళు రాళ్ళపొయ్యి పెట్టి ఉప్మా కలుపుతున్నారు.

"ఏమయ్యా, నాగేశ్వరరావు కొడుకువి కదూ నువ్వు?"

వెనక్కి తిరిగాను. కోటయ్యగారు. భుజాన జరీ కండువా, చేతిలో పన్నీరు బుడ్డి. వాళ్ళ మేనల్లుడి పెళ్ళి పెత్తనం ఆయనదేనట. నా వెనక నాలుగడుగుల్లో, కొత్త చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, కాల్లో ముల్లు తీసుకుంటూ ఆయన కూతురు.

ఆయన కూతుర్ని చూశాడు. నన్ను చూశాడు. నా బూట్లు చూశాడు.

"నువ్వేంటమ్మా ఇక్కడ? స్కూలుంది, పెళ్ళికి రానన్నావుగా? పెళ్ళి కొండ మీదికి మార్చామని నీకెవరు చెప్పారు?"

వేణి బెదరలేదు. "ఇతన్ని అడుగు నాన్నా," అంది.

కోటయ్యగారు నా వైపు తిరిగాడు. "ఎవరి పెళ్ళికొచ్చావయ్యా?"

జవాబు నాలుక చివరే ఉంది. రెండే మాటలు. పక్కనే సన్నాయి, పక్కనే పంతులు, జేబులో తాడు. సూర్యుడు కూడా అప్పుడే పైకొస్తున్నాడు. మిరప కల్లంలో నిలబడి తుమ్ము ఆపుకునేవాడిలా మొహం పెట్టి అన్నాను:

"మీవాళ్ళ పెళ్ళికేనండి."

"మావాళ్ళ పెళ్ళికా?"

"అవునండి."

"బాగా ఆలోచించుకుని చెప్పు. ఎవరి పెళ్ళికి?"

"నాన్నే వెళ్ళి రమ్మన్నాడండి," అని ఇంకో మెట్టు కూడా దిగాను.

పన్నీరు బుడ్డిని బండ మీద పెట్టి, "అయితే సరే. మనుషులు చాలక ఛస్తున్నాం. పద, వడ్డించు," అన్నాడు.

నమ్మరు కానీ నాకు ప్రాణం లేచొచ్చింది! శత్రువు నా చేతికి గరిటె ఇచ్చాడు, ఇంక మావగారు కావడమెంతసేపు అనుకున్నాను. వరసలో వంగి వంగి వడ్డించుకుంటూ వేణి ఆకు దగ్గరికి వచ్చాను.

"చూశావా, మీ నాన్న ఎంత మంచిగా ఉన్నాడో! కొన్నాళ్ళు పోనీ, సమయం చూసి నేనే అడుగుతాను," అన్నాను గుసగుసగా.

"ఇంకా సమయం చూస్తావా?" తలెత్తలేదు వేణి.

"కోపమొచ్చిందా?"

"లేదు. పక్కావిడ ఆకు ఖాళీగా ఉంది, చూసుకో."

అంతే. దిగేటప్పుడు వాళ్ళ నాన్నతో మెట్ల దారినే దిగింది. నేను ఆ తర్వాత చీరాల వెళ్ళి స్కూలు బయట నిలబడితే ఒక్కసారి వచ్చి, మర్యాదగానే మాట్లాడింది. "నీకు పెళ్ళెలా ఉండాలో తెలుసు ప్రసాద్. ఎవరితో అన్నది కూడా నలుగురిలో చెప్పగలగాలి," అని లోపలికి వెళ్ళిపోయింది. మూఢం వెళ్ళగానే ఒంగోలులో లెక్చరరుతో ఆమె పెళ్ళయింది.

కొన్నేళ్ళకి కోటయ్యగారు మిరపకాయలు దాచుకోవడానికి మా కోల్డ్ స్టోరేజీకి వచ్చాడు. టీ ఇప్పించాను. సగం తాగి, గ్లాసులోకి చూస్తూ అన్నాడు:

"ఆ రోజు కొండ మీద మిమ్మల్ని చూడగానే నాకు అర్థమైందయ్యా. ఉప్మా తినడానికి ఎవడన్నా ముళ్ళదారిన వస్తాడా?"

"మరి మీరు..."

"అడిగాను కదయ్యా, అన్నిసార్లు. ఆ విత్తనంలో మీ నాన్న తప్పేముంది? ఏదో పంతం, మాట కలపడానికి ఒక వంక కావాలి. నువ్వు 'నా పెళ్ళికి' అనుంటే, మా మేనల్లుడి పక్కనే ఇంకో రెండు పీటలు వేయించేవాణ్ణి. పంతులు ఉండనే ఉన్నాడు. నువ్వు గరిటె అందుకున్నాక, మనసులో ఏమీ లేదు కాబోలనుకున్నా." టీ పూర్తిచేసి లేచాడు. "వేణికి బాబు పుట్టాడు. నీ సంగతేంటి, ఇంకా కాలేదా?"

ఆ సాయంత్రం మిర్చి బస్తాల మధ్య నిలబడి, ఘాటుకో దేనికో కళ్ళు మండుతుండగా, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకపై ఏ పెళ్ళిలోనైనా సరే, ఎవరి పెళ్ళికొచ్చావని ఎవరు అడిగినా, రెప్ప వెయ్యకుండా 'నా పెళ్ళికే' అని చెప్పి తీరతానని.

ఆ మాట నిజాయితీగా చెప్పగలిగే అవకాశం నాకు జీవితంలో ఒక్కసారే వచ్చింది. పీటల మీద కూర్చుని, బాసికం కట్టుకుని, జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకుని పొద్దుటి నుంచీ ఎదురుచూశాను.

ఎవరూ అడగలేదు.