బంగళాలో నాయన కట్టేసిన నీళ్ళు

నేను సముద్రం దగ్గరికి పోయింది సముద్రం చూడ్డానికి కాదు, నాయనను ఇంటికి తెచ్చుకోవడానికి. ఆ ఊళ్ళో మా చెల్లెలు కాపురం ఉంటుంది. కళ్ళకు శుక్లాలు తీయిస్తానని వేసవి మొదట్లో నాయనను తన దగ్గరికి పిలిపించుకుంది. పదిహేను రోజుల్లో పంపిస్తానన్నది, రెండు నెలలైనా పంపలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకో వారం ఉండనీ అక్కా" అంటుంది. ఆ వారాలు ఎంతకీ తెగకపోయేసరికి నేనే రైలెక్కాను.

నా కుళ్ళు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మాది గుమ్మఘట్ట దగ్గర ఒక కరువు పల్లె. నాయనకు మేమిద్దరం ఆడపిల్లలమే. కొడుకులు లేని ఇంట్లో ఒక బిడ్డకు ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకోవడం మా వైపు రివాజు. ఆ అల్లుడు అత్తగారింట్లోనే ఉండి సేద్యం చూసుకుంటాడు. పెద్దదాన్ని కాబట్టి నన్ను ఇంట్లో ఉంచుకుని నాకు ఇల్లటం తెచ్చారు. చెల్లెల్ని రేవులో ఉద్యోగం చేసే పిల్లవాడికిచ్చి సముద్రం ఒడ్డుకు పంపారు. ఇరవై ఏళ్ళ పైగా నేను చీనీ చెట్లకు, అదే బత్తాయి తోటకు, నీళ్ళు కడుతున్నాను, అది కొళాయి తిప్పుకుంటోంది. ఇందులో ఎవరూ నాకు అన్యాయం చేయలేదు. ఆ సంగతి తెలుసు, తెలిసినా కుళ్ళు పోదు. ఇన్నేళ్ళూ నాకున్న ధైర్యం ఒక్కటే. అన్నీ దానికి పోయినా నాయన నా దగ్గర ఉన్నాడు. ఇప్పుడు ఆయన్ని కూడా ఉంచేసుకుంటుందేమోనని నా భయం.

నేను చేరిన మరునాడు ఆదివారం. "ఇక్కడ జమీందారు బంగళా ఉంది, నాయనకు చూపిద్దాం, నువ్వూ చూసినట్టుంటుంది" అని చెల్లెలు మమ్మల్ని ఆటోలో తీసుకుపోయింది. సముద్రానికి ఎదురుగా రెండంతస్తుల తెల్లటి మేడ. వారసులు ఎటో వెళ్ళిపోతే ఇప్పుడు టికెట్టు పెట్టి జనాలకు చూపిస్తున్నారు. టికెట్టు అనేసరికి నాయన గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఒకరి ఇల్లు చూసేదానికి దుడ్లు ఇయ్యల్నా?"

"ఇవ్వాలి నాయనా, ఇక్కడంతే" అంది చెల్లెలు, ఆయన చొక్కా కాలరు సర్దుతూ. ఆ చొక్కా అది కొనిచ్చిందే. చెప్పులూ అది కొన్నవే, నల్లద్దాలూ అది కొన్నవే. మా ఊరి నాయనలో మిగిలింది భుజం మీది తువ్వాలొక్కటే. దాన్ని కూడా ఎవరో ఇస్త్రీ చేసి పెట్టారు.

లోపల ఒక గైడు కుర్రాడు మమ్మల్ని గది గదికీ తిప్పాడు. మా ఇల్లూ, దాని వెనక పశువుల కొట్టమూ కలిపి వాళ్ళ భోజనాల గదిలో పట్టేస్తాయి. దొరసాని స్నానాల గదిలో పాలరాతి తొట్టి ఉంది, మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఆమె స్నానానికి రోజూ ఇరవై బిందెల నీళ్ళు మోసి పైకి తెచ్చేవారట. ఇరవై బిందెలు మా ఇంటికి ఎండాకాలంలో రెండు రోజులు వస్తాయి. ఎప్పుడో పోయిన ఆ దొరసాని మీద కూడా నాకు మండింది. నాయన మాత్రం తొట్టి అంచు తడిమి, "దీంట్లో ఎద్దులకు బాగా నీళ్ళు తాపచ్చు" అన్నాడు. చెల్లెలు నవ్వి ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. రెండో చెయ్యి పట్టుకుందామని నేను పోయేసరికి మెట్లు ఇరుకయ్యాయి. వెనకే నడిచాను.

పైన ఒక వరండా. ముందు సముద్రం తప్ప మరేమీ లేదు. మధ్యలో పేము కుర్చీ వేసి, ఎవరూ కూర్చోకుండా దానికి తాడు కట్టారు. జమీందారుకి ఇద్దరు కూతుళ్ళట. చిన్నమ్మాయికి సముద్రమంటే ఇష్టమని ఆ వరండా ఆమె కోసమే వేయించాడట. ఇక్కడ కూడా చిన్న కూతురే.

"మరి పెద్దమ్మాయికి ఏమిచ్చినారు?" అని అడిగాను.

గైడు జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. "పెద్దమ్మాయిగారి గురించి మాకిచ్చిన కాగితంలో ఏమీ లేదండి" అన్నాడు.

నాయన ఆ కుర్చీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కొత్త కళ్ళతో పడవల్ని లెక్కపెట్టి చెల్లెలికి చెప్పాడు. నాకు చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడుతుందనుకున్నాడేమో, కానీ ఆ సమయంలో నాకట్లా తోచలేదు. ఈయన ఇక రాడు అని మాత్రం తోచింది.

కిందికి దిగితే తోట. తోట మధ్యలో ఫౌంటెన్ నిలువెత్తు ఎగజిమ్ముతోంది. దాని ముందు పెళ్ళి కాబోయే జంటొకటి ఫొటోలు తీయించుకుంటోంది. చెల్లెలు మంచినీళ్ళ సీసా కొనడానికి పోయింది. నేను చెప్పు తెగిందని వంగి చూసుకుని తలెత్తేసరికి పక్కన నాయన లేడు. మరుక్షణం ఫౌంటెన్ మోకాలెత్తుకు పడిపోయి, గుడగుడమని ఆగిపోయింది. కెమెరా అబ్బాయి నోరు తెరుచుకుని చూశాడు. పొదల వెనక నాయన గొంతుక్కూర్చుని, రెండు చేతులతో గేటు వాల్వు బిగిస్తున్నాడు.

తోటమాలి పరుగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా, ఏం చేశారండీ?"

"ఎవరో మర్చిపోయినట్టుండారప్పా. ఊరికే పోతాండాయి నీళ్ళు. కట్టేసినా."

"ఊరికే పోవండీ. అవే నీళ్ళు మోటారు మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది."

నాయన వాల్వు వైపూ తోటమాలి వైపూ మార్చి మార్చి చూశాడు. అప్పటికి చెల్లెలు వచ్చింది. దాని మొహం ఎర్రబడింది. పెళ్ళి జంటకు సారీ చెబుతూ, "ఇది మన తోట కాదు నాయనా" అని గొంతు తగ్గించి కసిరింది. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది. ఎన్ని చొక్కాలు తొడిగినా ఈయన మా వాడే. నీళ్ళు పారుతుంటే చూస్తూ నిలబడలేని మనిషి దీని ఇంట్లో ఎన్నాళ్ళుంటాడు? సాయంత్రం రైలుకు ఆయన నా పక్క సీట్లో ఉంటాడని అప్పుడే అనుకున్నాను.

ప్రహరీ పక్కన బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. చెల్లెలు కోపం తగ్గి, అసలు మాట ఎత్తింది.

"నాయనా, వానలు పడేదాకా ఇక్కడే ఉండు. ఇప్పుడు పోయి ఆ ఎండలో ఏం చేస్తావు?"

నాయన దానికి జవాబు చెప్పకుండా నా వైపు తిరిగాడు. "ఏమ్మా, మన బోరు పోస్తాందా?"

మా బోరు నాయన ఇక్కడికి వచ్చిన తొమ్మిదో రోజునే నిలిచిపోయింది. మా ఆయన ట్యాంకరు తెప్పించి చీనీ చెట్లను కాపాడుతున్నాడు. అప్పటికే రెండు సాళ్ళు ఎండిపోయాయి. కళ్ళ ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఎందుకని ఫోన్లో చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోవడానికి కారణం అది కాదు. బోరు ఎండిందంటే, చూశావా, ఆడ ఏముంది అని చెల్లెలు అంటుంది. నాయనను వెనక్కి రప్పించేది నా దగ్గర ఒక్కటైనా ఉండాలి కదా.

"పోస్తాంది నాయనా" అన్నాను. "రెండించుల ధార, ఏం తగ్గలేదు."

ఆయన మొహం విచ్చుకుంది. తువ్వాలు తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"రెండించులు పోస్తాందంటే ఇంగేమమ్మా, అల్లుడు చూసుకుంటాడు. నీళ్ళు తగ్గినాయంటే నేనీపొద్దే నీతో రైలెక్కుదును. చెట్లకు నీళ్ళుండాయి కదా, పాపం ఇది ఇంతగా అడుగుతాంది, వానలు పడేదాకా ఈడే ఉంటాలే."

చెల్లెలు నా చెయ్యి పట్టుకుని నొక్కింది, నేనే దానికి సాయం చేసినట్టు. నోటిదాకా వచ్చింది నిజం. కానీ అప్పుడు చెబితే దాని ముందు అబద్ధాలకోరునవుతాను. ఎండిన బోరుతో పాటు నా అబద్ధం కూడా దానికి తెలుస్తుంది. నేను సముద్రం వైపు తిరిగాను. అన్ని నీళ్ళు ఒక్కచోట ఉండడం నాకు ఆరోజూ నచ్చలేదు, ఈరోజూ నచ్చదు.

ఒక్కదాన్నే తిరిగొచ్చాను. నాయన ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ బంగళాకు పోతాడట. తోటమాలితో స్నేహం కుదిరింది, టికెట్టు అడగరట. జనాలు వెళ్ళిపోయాక ఫౌంటెన్ ఆపే పని ఆయనకే వదిలేశారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేస్తాడు.

"ఇప్పుడే వాల్వు కట్టేసి వచ్చినామ్మా" అంటాడు. వెనక సముద్రం వినిపిస్తుంటుంది. "మన బోరో?"

నేను ట్యాంకరు పైపు ఒక చెట్టు మొదలు నుంచి ఇంకో చెట్టుకు లాక్కుంటూ చెబుతాను. "పోస్తాంది నాయనా. రెండించులు."