నన్ను అనుమానించిన ప్రాజెక్టు

వికారాబాద్‌లో కోడింగ్ నేర్చుకున్నాక, అనుభవం కోసం ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వెతకడం మొదలుపెట్టాను. కోడ్ ఎవరైనా చూడొచ్చు, జీతమేమీ లేకుండా ఎవరైనా సరిదిద్దొచ్చు అంటే నాకు నమ్మకం కుదరలేదు. తాండూరు పప్పుమిల్లులో పనిచేసే మా నాన్నకైతే అసలే కుదరలేదు.

"ఊకెనే పని చేయించుకునేటోడు ఎవడో, ఏందో. జర చూస్కో బిడ్డా," అన్నాడు.

మొదట దొరికిన ప్రాజెక్టువాళ్లు ముందుగా ఏదో ఫైలు దించుకుని నడపమన్నారు. వైరస్ ఉంటుందేమోనని భయమేసి వదిలేశాను. రెండోది రైలు వేళలు చూపించే యాప్. దాన్ని నడిపేవాళ్లు అందరికీ కనిపించేలా నెట్‌లో ఉంచిన పాత సంభాషణలన్నీ చదివాకే, అందులో తప్పుగా ఉన్న ధారూర్ స్టేషన్ పేరు సరిదిద్ది పంపాను.

జవాబు వచ్చింది: "మీ ఖాతా కొత్తది. ఈ పేరే సరైనదని ఎలా నమ్మాలి?"

మనసు చివుక్కుమంది. నాన్నకు చెబితే పకపకా నవ్వాడు.

"నువ్వు వాళ్లను నమ్మకపోతివి, వాళ్లు నిన్నెట్ల నమ్ముతరు? పోయి బోర్డు ఫొటో తియ్యి."

మర్నాడు వికారాబాద్‌లో తాండూరు వెళ్లే రైలెక్కి, ధారూర్‌లో దిగి, బోర్డు ఫొటో తీసి పంపాను. సాయంత్రానికి నా మార్పు తీసుకున్నారు. ఆ లైన్లో మిగతా స్టేషన్ల పేర్లు కూడా చూసిపెడతారా అని అడిగారు. ఇదేం ఎత్తుగడో అనుకుంటూనే సరేనన్నాను.